సైరన్ ఎంతసేపు మోగాలి

సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలితే నాకు రత్నకుమారి మేడమ్ గుర్తుకొస్తారు. ఇవాళ పొద్దున కొత్త బోర్డుకు తీగ అతుకుతుంటే మళ్లీ అదే జరిగింది. బచేలీలో గనులకు కంట్రోల్ బోర్డులు చేసిచ్చే చిన్న వర్క్‌షాపులో ఆమె నా పై అధికారి. విజయనగరం మనిషి. భోపాల్‌పట్నం నుంచి వచ్చిన నా యాస విని నవ్వేవారు గానీ, పని మాత్రం ఏదీ దాచుకోకుండా నేర్పారు.

అప్పుడు మేం చేస్తున్నది ఖనిజం మోసే బెల్టుకు బోర్డు. బెల్టు కదిలేముందు సైరన్ మోగాలి. అది ఆగేలోగా బెల్టు పైన ఊడ్చేవాళ్లు దిగిపోవాలి. కరెంటు రాగానే బోర్డును నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్ అంటాం, లేచి, ఎన్ని టిక్కులైతే ఒక సెకనో టైమరుకు చెబుతుంది. ఆ అంకె తప్పితే సైరన్ లెక్కా తప్పుతుంది.

స్క్రీన్ మీద నాకంతా సవ్యంగానే కనిపించింది. "ఇంకేంది మేడమ్ చూసేది? టైం కరెక్టే చూపెడ్తుంది" అన్నాను.

ఆమె చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. "ఆ స్క్రీను కూడా ఆ టైమర్నే అడుగుతున్నాది కదమ్మా. మనం బయటివాళ్లని అడుగుదాం."

గడియారం పెట్టి చూస్తే సైరన్ సగంలోనే ఆగిపోయింది. కొత్త బోర్డుకు టిక్కులిచ్చే క్రిస్టల్ పాతదానికి రెట్టింపు వేగం. కెర్నెల్‌లో ఉన్నది పాత అంకె. అందుకే బోర్డుకు అర సెకనే ఒక సెకనైపోయింది.

అంకె సరిచేసి గనికి తీసుకెళ్లాం. సైరన్ నిబంధనల్లో రాసినంతసేపూ మోగింది. లోడు ఆగిపోయిందని మేనేజరు హిందీలో ఒకటే తొందర. మేడమ్ తీరుబడిగా మోటారు ఫ్యూజులు పీకించి తన సంచిలో వేసుకున్నారు. ఊడ్చేవాళ్లలో అందరికంటే నెమ్మదిగా నడిచేదెవరని అడిగారు. కాలు ఈడ్చి నడిచే మంగ్లీ ముందుకొచ్చింది. బెల్టు కదలదని, సైరన్ మోగగానే రోజూలాగే దిగమని ఆమె మాట్లాడే హల్బీ భాషలో నచ్చజెప్పి, పైన నిలబెట్టి, సైరన్ వెయ్యమన్నారు.

సైరన్ ఆగింది. మంగ్లీ ఇంకా బెల్టు మీదే ఉంది. తప్పు తనదే అన్నట్టు చీపురు చంకలో పెట్టుకుని మావైపు చూసి సిగ్గుపడింది.

రూలు ప్రకారం సరిపోయిందిగా అన్నాడు మేనేజరు. మేడమ్ నావైపు తిరిగారు.

"రాసిన లెక్క సరే. ఆవిడ దిగలేదు కదా. పెంచు" అన్నారు నాతో.

పెంచాను. ఈసారి మంగ్లీ నేల మీద నిలబడి చీర సర్దుకున్నాక గానీ సైరన్ ఆగలేదు. అప్పుడే మేడమ్ ఫ్యూజులు బయటికి తీశారు.

ఆ రోజు ఆమె పక్కన నిలబడగలగడం నా అదృష్టం. ఇప్పటికీ టైమరుకు అంకె రాసేముందు, అక్కడ అందరికంటే చివర దిగేది ఎవరో వెళ్లి చూసొస్తాను.