రేకుల కుండలో వెలుగు

మా మేడంగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని మొన్న పొద్దున్న వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. పాలిటెక్నిక్‌లో మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన మేడంగారు. ఫోన్ పెట్టేశాక కూడా ఆవిణ్ణి అడగాల్సినవేవో గుర్తు చేసుకుంటూనే కూర్చున్నాను.

ఆవిడ మమ్మల్ని తిట్టడం కూడా మర్యాదగానే తిట్టేవారు. “మీకు బుర్ర ఉందండీ, వాడట్లేదంతే” అనేవారు. క్లాసుకి స్టీలు గ్లాసు తెచ్చి, కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతూ, ఎటు తిప్పితే దాని మీది గీత కనబడుతుందో, ఎటు తిప్పితే మాయమవుతుందో చూపించేవారు. పరీక్షలో రాని సంగతి ఎందుకులే అని మేం గోళ్లు గిల్లుకునేవాళ్లం.

కొన్నేళ్లకి కొత్తపేటలో ఒక చిన్న కార్ఖానాలో కెమెరా అమర్చే పని ఒప్పుకున్నాను. గ్యాస్ పొయ్యికి బిగించే ఇత్తడి జెట్లు చేస్తారు వాళ్లు, ఒక్కోటి చిటికెనవేలి గోరంత, మధ్యలో గ్యాస్ వచ్చే సన్న చిల్లు. గీతలు పడ్డవాటిని కెమెరా ఏరిపెట్టాలి. అది కుదరకపోతే నేను కువైట్ వెళ్లడమే. వీసా వచ్చేసింది, చంటిపిల్లని అమ్మ దగ్గర వదలాలనీ అనుకున్నాం.

కెమెరా మంచి జెట్లన్నిటినీ పక్కకి నెట్టేసింది. సరిగ్గా కనబడట్లేదేమోనని లైటు పెంచాను, ఇంకా నెట్టింది. దానికి తోడు, కెమెరా ముందుకి మాసిన సరుకేం పంపుతామని అక్కడి ఆడవాళ్లు జెట్లని చింతపండుతో తోమి దీపపు కుందుల్లా మెరిపించారు. ఆ తళతళకి కెమెరా ఏది మెరుపో ఏది గీతో పోల్చుకోలేకపోయింది. యజమాని ఆ వారం మాత్రం ఆగుతానన్నారు. మేడంగారికి ఫోన్ చేశాను.

మర్నాడే బస్సెక్కి వచ్చారు, ఒళ్లో ఆత్రేయపురం నుంచి తెప్పించిన, పూతరేకులు తీసే గుండ్రటి ఖాళీ కుండతో.

“ముందు లైటు మార్చండి, తరవాత కెమెరాని తిడుదురు గాని. మొహం మీద టార్చి కొడితే మీరు మాత్రం చూడగలరా అండీ?”

కుండ లోపల తెల్లరంగు వేయించారు. అడుగున కెమెరా చూసేంత చిల్లు పెట్టించి, జెట్టు మీద బోర్లించి, లోపలి అంచు చుట్టూ చిన్న బల్బులు పైకి తిప్పి పెట్టించారు. వెలుగు నేరుగా పడదు. కుండ గోడకి తగిలి, మెత్తబడి, అన్ని వైపుల నుంచీ సమానంగా దిగుతుంది.

యజమాని నసిగారు. “చిల్లుకుండ కదండీ, శ్మశానంలో తప్ప ఎక్కడా చూడలేదు. కార్ఖానాలో పెట్టొచ్చంటారా?”

“మీ జెట్టుకి చిల్లు లేకపోతే పొయ్యి వెలుగుతుందా అండీ?”

“ఆయ్, అదీ నిజమేనండి” అని నవ్వేశారు.

తెర మీద ఇత్తడి మెరుపు పోయింది. జెట్టు నిండా ఒకే తెలుపు, గీత ఉన్నచోట మాత్రం వెంట్రుకంత నలుపు. యజమాని కెమెరా ఉంచేసుకున్నారు. నేను వీసా వదిలేసుకున్నాను. ఇప్పుడు అలాంటి గుండ్రటి లైట్లు కొనుక్కుంటే దొరుకుతున్నాయి, నేనూ అవే బిగిస్తున్నాను. ఈ ఊళ్లో నా అన్నం ఆవిడ పెట్టిందే.

ఆ సంగతి ఎత్తితే ఆవిడకి చిరాకు. “పాపని తీసుకురండి, చూసి చాలా రోజులైంది” అని మాట మార్చేవారు.

నిన్న సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరం తలో పిడికెడు మట్టి వేశాం. పాప కూడా వంగి వేసింది. ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. ఆ కువైట్ మాట దానికి నేనెప్పుడూ చెప్పలేదు. తడిమట్టి అంటిన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు నేను.