సగం నిండిన పసుపు సిలిండరు

గాలక్క ఒకసారి పందెం కట్టి నిండు సిలిండరు గాలిని ఒక్క గుక్కలో పీల్చేసిందనీ, దాన్ని మూడు రోజులపాటు నెమ్మదిగా వదులుతూంటే వీధి వీధంతా ఉతికిన బట్టలు ఎండ లేకుండానే ఆరిపోయాయనీ రేవు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. రెండో రోజు ఆమెకు తుమ్ము వచ్చేలా ఉందని తెలిసి పడవలవాళ్లు తాళ్లు బిగించుకున్నారట. ఇందులో కాస్త అటూ ఇటూ ఉంటే ఉండవచ్చు. బట్టల సంగతి మాత్రం ఖాయం.

ఆమెది నీళ్లలో మునిగేవాళ్ల సామాన్ల దుకాణం. రేవు గేటుకు ఎదురుగా రెండు గదులు. ముందు గదిలో మాస్కులు, కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలు, ఒంటికి అతుక్కుపోయే నల్ల సూట్లు. వెనక గదిలో గాలి నింపే కంప్రెసరు, నీళ్లతొట్టి, ఒక పాత డ్రిల్లు మిషను. ఓడల అడుగున పట్టిన నాచు గీకేవాళ్లూ, తెగిపోయిన లంగర్లు వెతికేవాళ్లూ, సెలవు రోజుల్లో చేపల్ని పలకరించి వద్దామని దిగే ఉద్యోగస్తులూ, అందరూ ఊపిరి ఆమె దగ్గరే నింపించుకోవాలి. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆమె భర్తకైనా గుర్తుందో లేదో. ఆయన ఓడ మీద వంటవాడు, ఏడాదికి పది నెలలు ఇంటి మొహం చూడడు.

ఈమధ్య దుకాణానికి వచ్చేవాళ్ల తీరు మారింది. అరగంట కూర్చుని అరడజను మాస్కులు మొహానికి అద్దుకుని చూస్తారు. ఏది నీళ్లు చొరబడకుండా పట్టిందో గాలక్క చేతే చెప్పించుకుంటారు. ఆ తర్వాత ఆమె స్టూలు మీదే కూర్చుని ఫోనులో అదే మాస్కుకు ఆర్డరు పెడతారు. ఒకాయనైతే సిగ్నలు అందడం లేదని ఆమె వైఫై అడిగాడు.

ఇచ్చింది. పైగా, "మధ్య సైజు పెట్టండి సార్, పెద్దదైతే మీ మొహానికి గోనెసంచి వేలాడుతుంది," అని సలహా కూడా చెప్పింది.

ఈ దండుకు నాయకుడు ఆమె సొంత మరిది. ఓడల అడుగులు గీకే పని అతనిది. ఆ నెలలోనే కంపెనీ మారాడు. కొత్త చోట ఎవరి సామాను వాళ్లే తెచ్చుకోవాలి. వదిన దుకాణం పక్కనే ఉన్నా అన్నీ ఫోనులోనే తెప్పించాడు. మొదట వచ్చిన రబ్బరు బూట్లు రెండూ ఎడమ కాలివే.

"ఇంకేం, ఇకనుంచి గుండ్రంగా ఈదుతావు," అంది గాలక్క.

"నీ దగ్గర కొంటే ఒక్కో కాలికి ఒక్కో ధర చెబుతావు వదినా."

"నీ కాళ్లకు అదే ఎక్కువ."

ఆ బుధవారం పొద్దున చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఒక పసుపు రంగు సిలిండరును భుజాన వేసుకుని వచ్చాడు. పది గంటలకు కొత్త కంపెనీలో మొదటిసారి నీళ్లలోకి దిగాలి. అప్పటికే తొమ్మిది దాటింది.

"దాదాపు కొత్తదే వదినా. ఒకే ఒక్కసారి వాడారని రాశాడు. సగం ధర."

"ఒక్కసారి వాడి అమ్మేశారంటే, వాడినవాడు పైకొచ్చాడో లేదో అడిగావా?"

"నీకు కడుపుమంట. త్వరగా నింపు."

గాలక్కకు ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా ఏ సిలిండరు వచ్చినా దాని భుజం మీద సుత్తితో కొట్టిన అంకెలు చదివి పుస్తకంలో ఎక్కిస్తుంది. మూత విప్పి, టార్చి వేసి, మెడ లోపల చూస్తుంది. కలెక్టరు తెచ్చినా ఇంతే. ఆ రోజు మాత్రం మరిదే కదా అనుకుంది, టైము లేదనుకుంది. పుస్తకం తెరవలేదు. సిలిండరును తొట్టిలో నిలబెట్టి గొట్టం బిగించి కంప్రెసరు ఆన్ చేసింది.

గాలి ఎక్కేకొద్దీ సిలిండరు వేడెక్కుతుంది. నీళ్లతొట్టి అందుకే. మరిది తొట్టి గట్టు మీద కూర్చుని కొత్త కంపెనీవాళ్లు తనను ఎలా బతిమాలి పిలిచారో చెబుతున్నాడు. గాలి ఒత్తిడి చూపే మీటరు సూది వంద దాటింది. నీళ్లమీద పసుపు పెచ్చులు తేలడం మొదలుపెట్టాయి.

"నీ కొత్త సిలిండరు అప్పుడే పొలుసులు రాలుస్తోంది," అంటూ గాలక్క బొటనవేలితో దాని భుజం మీద రుద్దింది.

పసుపు కింద ఎరుపు కనిపించింది. పనికిరాదని వేసే కొట్టివేత గుర్తులోని రెండు గీతల్లో ఒకదాని కొస. ఇంకొంచెం రుద్దింది. అంకెలు వచ్చాయి. వరసలో మూడోది ఏడు. ఆ ఏడు తలకిందులుగా ఉంది.

గాలక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ ఏడును కొట్టింది ఆమే. పన్నెండేళ్ల కిందట, ఈ దుకాణం మావయ్య చేతిలో ఉన్నప్పుడు, ఆమె నేర్చుకుంటూ అంకెలు వేసిన మొట్టమొదటి సిలిండరు అది. "సుత్తికి నువ్వు భయపడకమ్మాయీ, అది చూసి ఇనుము భయపడాలి," అన్నాడు మావయ్య. కొట్టింది, తలకిందులుగా పడింది. ఆయన పడీ పడీ నవ్వి, "పోనీలే, నీ సంతకం అనుకో," అన్నాడు. మూడేళ్ల కిందట దాని మెడ లోపల వెంట్రుకంత చీలిక కనిపించింది, గాలి ఎక్కిస్తే పేలిపోవచ్చు. పనికిరాని సిలిండరు పొట్టకు డ్రిల్లుతో చిల్లు పెట్టాలి, మళ్లీ ఎవరూ గాలి నింపకుండా. అప్పటికి నలభైకి పైగా అలా చిల్లులు పెట్టిన మనిషికి దాని మీదికి మాత్రం చెయ్యి రాలేదు. ఎర్ర రంగుతో కొట్టివేత గుర్తు వేసి మూలన పెట్టింది. నిరుడు గది ఖాళీ చేస్తూ, తుక్కు కొనేవాడితో, "ఆ మూలవన్నీ పట్టుకుపో," అంది.

కంప్రెసరు ఆపేసింది.

"చిన్నోడా, లేచి గేటు అవతలికి నడు."

"సగమేగా అయింది? పది గంటలకల్లా నేను..."

"పరిగెత్తకు. తలుపు మూసి వెళ్లు. ఎవరినీ లోపలికి రానివ్వకు."

మరిది తలెత్తి చూశాడు. వదిన మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. చెప్పినట్టే వెళ్లాడు.

ఆమె సిలిండరు మెడ దగ్గర గాలి వదిలే మర పిడిని పావు చుట్టు తిప్పింది. గాలి సన్నగా బుసకొట్టింది. ఎక్కువ తిప్పడానికి భయం, వదిలేసి పోవడానికి భయం. ఇరవై నిమిషాలు దాని పక్కనే, చేతివేళ్లు మంచులా బిగుసుకుపోతుంటే, సూదినే చూస్తూ నిలబడింది. నెలల తరబడి ఆ ఫోనును తిట్టిపోసింది. అదేమో ఆమె పెరటి తలుపులోంచి పోయినదాన్ని ముందు తలుపు దగ్గరికి తెచ్చి పెట్టింది. మరిది ఇంకెక్కడో నింపించుకుని ఉంటే పది గంటలకు దీన్ని వీపుకు కట్టుకునేవాడు. ఆ ఆలోచన దగ్గర ఆగి, అక్కణ్ణుంచి ముందుకు పోలేకపోయింది.

సూది సున్నాకు దిగాక మూత విప్పి టార్చి వేసింది. వెంట్రుక ఇప్పుడు గోరంత అయింది. టార్చి ఆర్పి నేలమీద కూర్చుంది.

మరిది తలుపు కొంచెం తీసి తొంగి చూశాడు. "ఏమైంది వదినా?"

"ఇది నాది."

"నీదేంటి? ఎక్కడో దూరం నుంచి పంపాడు వాడు."

"ఇక్కణ్ణుంచే వెళ్లింది."

అతను చీలిక చూశాడు. గాలక్క లేచి సిలిండరును బిగించి డ్రిల్లు ఆన్ చేసింది. మెలికలు తిరిగిన లోహపు తునకలు నేలంతా రాలాయి. చిల్లు అవతలివైపు కనిపించేదాకా ఆపలేదు. తర్వాత తన అరలోంచి ఒక సిలిండరు తీసి, అంకెలు పుస్తకంలో ఎక్కించి, టార్చి వేసి చూసి, నింపి మరిది చేతికిచ్చింది. ఆలస్యంగా వెళ్లాడు గాని, వెళ్లాడు. దిగాడు. పైకొచ్చాడు.

సాయంత్రానికి రేవంతా కథ పాకింది. పాకించింది మరిదే. గాలక్క పెయింటు వాసన చూసే కనిపెట్టేసిందట. బుసకొడుతున్న సిలిండరును చంకన పెట్టుకుని పరిగెత్తి సముద్రంలోకి విసిరేసిందట. పదమూడు నిమిషాలు నీళ్లు తెర్లాయట, ఉడికిన చేపలు తేలితే పిల్లులు ఈత నేర్చుకున్నాయట. నాచు గీకేవాళ్లు నలుగురు పనిగట్టుకుని దుకాణానికి వచ్చి, మరిది ప్రాణం ఎలా కాపాడిందో ఆమె నోటితోనే వినాలన్నారు.

గాలక్క పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నేనేం కాపాడలేదు. చిల్లు పెట్టకుండా తుక్కుకు వేసింది నేను, అంకెలు చూడకుండా గాలి ఎక్కించింది నేను. వాడు బయటికి పొమ్మంటే పోయాడు, అంతే."