హెచ్.వై. 1550 పేజీ

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో నన్ను రికార్డు గదికి వేశారు. నిజామాబాద్ జిల్లాలోనే ఒక రవాణా కార్యాలయం. ఏదో చెప్పను, ఎందుకంటే తప్పు నాది, కార్యాలయానిది కాదు. హోదా సీనియర్ అసిస్టెంట్. అప్పగించిన పని, పాత 'బి' రిజిస్టర్లను వరుసలో పెట్టి కంప్యూటరుకు ఎక్కించడం. ప్రతి బండికీ అందులో ఒక పేజీ ఉంటుంది. నంబరు, యజమాని పేరు, ఛాసిస్ నంబరు, రంగు, చేతులు మారిన వివరం, అన్నీ అక్కడే. పేజీ లేకపోతే, రోడ్డు మీద తిరిగే బండి కూడా మా లెక్కలో లేనట్టే.

నంబరు ప్లేట్లను చూసి బండి వయసు చెప్పడం మాకు అలవాటు. ఇప్పటి టీఎస్ పదహారుకు ముందు ఏపీ ఇరవై ఐదు. దానికి ముందు 'ఎ'తో మొదలయ్యే మూడక్షరాలు. ఇంకా వెనక్కి వెళితే హైదరాబాద్ రాష్ట్రం నాటి హెచ్.వై. అప్పట్లో సొంత కార్లకు నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు, కిరాయి లారీలకు తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. అన్నీ పెయింటరు చేతిరాతే.

హెచ్.వై. రిజిస్టర్లు చెదలు పట్టి విడి పేజీలైపోయాయి. వాటిలో రాతంతా, అంకెలతో సహా, ఉర్దూలోనే ఉంది. చిన్నప్పుడు మా బాపు, అంటే నాన్న, చూపిస్తే ఆ అంకెలు సగం సగం నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే ప్రతి పేజీ మూలన పెన్సిలుతో మన అంకెల్లో నంబరు వేసి కట్టలు కట్టాను. ఎవరినైనా అడగవచ్చు. బడాయి అడ్డొచ్చింది. పైగా అడగడానికి మనుషులేరి? నా భార్య పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో మాటలేదు, ఆ గదిలోనూ లేదు. కొన్ని రోజులు సాయంత్రం బస్సులో టికెట్ అడిగేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

అప్పుడు వచ్చాడు సాయన్న. రుద్రూర్ మనిషి, డెబ్బై దాటినవాడు, ఒంటరివాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు తోలిన లారీ ఆయనది. మక్కజొన్నల లోడుతో వెళ్తుంటే తనిఖీలో పట్టుకుని మా యార్డులో నిలబెట్టారు. చూపించడానికి ఆర్సీ పుస్తకం లేదు, చెదలపాలైంది. ప్లేటు మీద హెచ్.వై. 1550. మా ఇన్‌స్పెక్టరు లారీ చట్రం మీద చెక్కి ఉన్న ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. దాన్ని రిజిస్టరుతో పోల్చి నివేదిక రాయడం నా వంతు.

నివేదిక వెళ్లేదాకా సాయన్న రోజూ వచ్చేవాడు. యార్డులో లారీ చుట్టూ ఒకసారి తిరిగి, నా గుమ్మం దగ్గర కూర్చునేవాడు.

"సారూ, గా బండి తప్ప నాకెవ్వలు లేరు. పొద్దుగాల లేస్తే దాన్నే సూస్త. జర మంచిగ ఎతుకుండ్రి," అనేవాడు.

నిజం చెప్పాలంటే నేను ఆయన కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ గదిలో నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

వెతికాను. పదిహేను వందల కట్టే లేదు. చెదలు తిన్నాయనుకున్నాను. "సదరు నంబరుకు రికార్డు లేదు" అని రాసి సంతకం పెట్టాను. పరిపాలనాధికారి ఆమోదించారు, నోటీసు గడువు ముగిసింది, లారీ తుక్కు కింద పోయింది. గ్యాస్ కట్టర్లతో కోస్తున్నంతసేపూ సాయన్న గేటు అవతల నిలబడ్డాడు. ఆ రోజు నా దగ్గరికి రాలేదు. తర్వాతా రాలేదు.

వానలు పడ్డాక, రిటైరైన ఉర్దూ పంతులొకాయన తన స్కూటరు పని మీద వచ్చి, నా బల్ల మీది పేజీలో నా పెన్సిలు అంకె చూసి నవ్వాడు.

"గిది సున్న గాదు సారూ, అయిదు. ఉర్దూల సున్న అంటే ఉత్త చుక్కనే," అన్నాడు.

కట్టలన్నీ మళ్లీ విప్పాను. గుండ్రంగా ఉన్న ఐదును సున్న అనుకున్నాను, సున్న చుక్కను సిరా మరక అనుకున్నాను. అన్ని కట్టల్లోనూ ఐదు ఉన్న నంబరు ఒక్కటీ లేదు, అయినా నాకు అనుమానం రాలేదు. అలా 1550 నా లెక్కలో 100 అయింది; ఆ పేజీ వంద నంబరు కట్టలో, నా పెన్సిలు గుర్తుతో, భద్రంగా ఉంది. ఛాసిస్ నంబరు ఇన్‌స్పెక్టరు తీసిన అచ్చుతో అంకె అంకెకూ సరిపోయింది.

తప్పు ఒప్పుకుంటూ అధికారికి రాసిచ్చాను. ఒక మెమో వచ్చింది, అంతే. పేజీ నకలు తీసుకుని, పంతులుగారి చేత దాని కింద తెలుగులో రాయించి, రుద్రూర్ వెళ్లాను. సాయన్న గుర్తుపట్టి మంచం వాల్చాడు. జరిగింది చెప్పాను. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాగితం నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. చదివాను.

"రంగు ఏమని రాసిండ్రు?" అని అడిగాడు.

"ఆకుపచ్చ."

"అవు. నేను కొన్నప్పుడు గదే రంగుండె. ఆ ఎనుక నీలం ఏయించిన," అన్నాడు. "బండి లేంది కాయితం నేనేం జేసుకోను సారూ? మీ కాడనే ఉండనీయండ్రి," అన్నాడు.

ఆ నకలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. రికార్డు లేదని రాయడం వేరు, ఉన్న రికార్డు నాకు చదవరాదని రాయడం వేరు. ఆ రెండో మాట రాసి ఉంటే ఆ పేజీలు పంతులుగారిలా ఉర్దూ తెలిసినవారి దగ్గరికి వెళ్లేవి, లారీ రుద్రూర్‌కు వెళ్లేది. రాయడానికి అది కూడా ఒక్క వరుసే.