పొద్దున్నే ఆగిపోయిన నేల

మలేషియాలోని సైబర్‌జయలో మా విద్యార్థులు తయారుచేసిన చిన్న ఉపగ్రహం పైకెళ్ళిన వారం అది. అది మా మీదుగా పోతున్నంతసేపూ మేడ మీది డిష్ దానివైపే తిరుగుతూ ఉండాలి. తిప్పే ప్రోగ్రాం రాసింది నేను. పొద్దునపూట సంకేతం చక్కగా అందేది. సాయంత్రానికి ఒట్టి హోరు. మూడు రోజులు ఇదే వరస. "ఇవాళ కూడా దొరక్కపోతే పని ఇంకొకరికి అప్పగిస్తాను" అన్నారు మా ల్యాబ్ పెద్ద.

ఆ మధ్యాహ్నం నాకు కాలు నిలవలేదు. మేడ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. నేను ఫోనెత్తడం లేదని మా ఊరు బంటింగ్ నుంచి అమ్మ చేపల పులుసు పట్టుకుని వచ్చేసింది. వెతుక్కుంటూ మేడ మీదికే ఎక్కింది.

"ఏటే, తిండి తినకుండా ఈ తిరుగుడేటి లా?" ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించడం అమ్మకి అలవాటు.

"ఉండమ్మా. గురి కుదిరినాదో లేదోనని దీన్ని సూరీడేపు తిప్పి సూత్తన్నాను. పొద్దున్న సరిగ్గానే తిరిగినాది."

మీట నొక్కాను. డిష్ మెల్లగా కదిలి ఆగింది. అమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు పక్కలా చూసింది.

"సూరీడు ఇటేపుంటే నీ గిన్నె అటేపు సూత్తాదేటి? అది పొద్దున్న సూరీడుండే సోటు గదా!"

అప్పుడు తట్టింది. లెక్కలన్నీ నక్షత్రాలు కదలవనుకుని కట్టాను. అలా అనుకుంటే భూమి తిరగాలి, దాంతోపాటు మా మేడా తిరగాలి. నేనేమో మేడ ఎక్కడుందో పొద్దున ఒక్కసారి లెక్కగట్టి, రోజంతా అదే వాడాను. సాయంత్రం నాలుగయినా నా ప్రోగ్రాంకి మేం ఇంకా పొద్దున ఎనిమిదింటి దగ్గరే ఉన్నాం.

"భూమి తిరుగుతాదని సిన్నప్పుడు నువ్వే నాకు సెప్పినావు గదే" అంది అమ్మ.

ఈసారి మేడే కదలనిదనుకుని, ఉపగ్రహం చోటుని క్షణక్షణం మా నేల లెక్కలోకి మార్చాను. ఏ పద్ధతయినా సరైనదే, సగం ఇదీ సగం అదీ కలిపితేనే చేటు. ఆరున్నరకి హోరులోంచి సన్నగా కూత వినిపించింది. ల్యాబ్ పెద్ద పరుగున వచ్చి పక్కన నిలబడి విన్నారు.

"ఇంక తింతావా?" అంది అమ్మ.

నిలబడే తిన్నాను. ఆ వారమంతా ప్రోగ్రాం మొదటి నుంచి మళ్ళీ చదివాను, కదలవని నేననుకున్నవి ఇంకేమున్నాయోనని. మరో రెండు దొరికాయి.