నీలి నూనెలో నేను కలిపింది

మొన్న మా కోడలు కిరండూల్ బజారులో స్వచ్ఛమైన నీలి ఆకు పొడి అని అచ్చేసిన పొట్లం ఒకటి కొని తలకు పెట్టుకుంది. తెల్లారేసరికి కనురెప్పలు ఉబ్బి, నుదుటి మీద బొబ్బలు లేచి, చెవుల వెనక రసి కారుతూ వచ్చి నా ముందు నిలబడింది. ఆమెను ఆస్పత్రికి పంపించి, మిగిలిన పొడిని నీళ్ళలో కలిపి తెల్లగుడ్డ మీద రాసి చూశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇక్కడి గనుల ల్యాబులో ఇనుపరాయిని పొడిచేసి పరీక్షించిన చేతులు కదా, ఊరుకోలేదు. అసలైన నీలి ఆకు పొడి తడిపితే పచ్చగానే ఉంటుంది, గాలి తగలగా తగలగా ఏ పావుగంటకో పైన నీలం తేలుతుంది. ఇదేమో తడిపీ తడపకముందే కాటుకలా నల్లబడింది. జుట్టుకు రంగేసే రసాయనాన్ని ఆకు బొమ్మ వెనక దాచి అమ్ముతున్నారన్నమాట. నాకు రోత పుట్టింది. అందులో సగం నా మీదే, ఎందుకంటే ఇలాంటి పని ఒకప్పుడు నేనూ చేశాను.

మా అమ్మకు అక్క, నా పెద్దమ్మ, కొంటా ఊళ్ళో ఉండేది. పెదనాన్నది ఉప్పూ పప్పుల దుకాణం. పెద్దమ్మది పెరటి వ్యవహారం: నీలి మొక్కల మడి, నూలుకు రంగువేసే కుండలు. పులియడానికి తగిరిస మొక్క గింజలు ఉడికించి, సున్నపుతేట పోసి, నీలిముద్ద కలిపి మూత పెడితే నాలుగో రోజుకు ఆ కుండ కంపు ఇల్లంతా కొట్టేది. చచ్చిన ఎలుక నయం. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ముక్కు మూసుకుని తిరిగేవాణ్ణి. ఆ రోత నీళ్ళలోంచి ఆకుపచ్చగా పైకొచ్చిన నూలు మాత్రం చూస్తుండగానే నీలంగా మారిపోయేది. నీలం నీళ్ళలో కరగదని, కుండ పులిసినప్పుడే కరిగే రూపానికి వస్తుందని, గాలి తగిలితే మళ్ళీ నీలమై నూలులోనే ఉండిపోతుందని నేను కాలేజీలో చదివాను. పెద్దమ్మ ఇవేవీ చదవలేదు. కుండ మీది నురగ చూసి పులిసిందో లేదో చెప్పేసేది.

తలకు రాసే నూనె వేరు. దానికి కుండతో పని లేదు. పచ్చి ఆకు దంచిన రసాన్ని నువ్వులనూనెలో పోసి, చిటపటలు ఆగేదాకా కాచేది. తలలో పుళ్ళకూ దురదకూ దాన్ని అడిగి తీసుకుపోవడానికి దొర్ల ఆదివాసులు దూరాన గొల్లపల్లి వైపు నుంచి కూడా సంతకు వచ్చేవాళ్ళు.

నేను ల్యాబులో చేరిన కొత్తలో ఒక ఏడాది వానలు ఆలస్యమై మడిలో ఆకు రాలేదు. పెద్దమ్మ దిగులేమీ పడలేదు. ఆకు లేదు కాబట్టి నూనె లేదని సంతలో చెప్తానంది. చదువుకున్న వెధవను కదా, నేను ఊరుకోలేదు. ఆకు నీలమైనా ఫ్యాక్టరీ డబ్బాలో నీలమైనా పదార్థం ఒకటేనని పాఠం చెప్పాను. జగదల్‌పూర్ నుంచి డబ్బా తెచ్చి, కాస్టిక్ సోడాతో, రంగులవాళ్ళు వాడే హైడ్రోస్‌తో కరిగించి, నూనెలో పోసి గిలకొట్టాను. పెద్దమ్మ దాన్నే ఆ వారం సంతలో ఇచ్చింది. నీలం ఒకటే అన్నమాట నిజమే. కానీ మందు ఆ నీలంలో లేదు, ఉంటే గింటే పచ్చి ఆకు రసంలో ఉండేది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటి. రాయికి సవాలక్ష పరీక్షలు చేసేవాణ్ణి, మనుషుల తలకు రాసే నూనెలో తోలు కాల్చే సోడా మిగిలిందేమోనని ఒక్క లిట్మస్ కాగితం ముక్క ముంచి చూడలేదు.

తర్వాతి సంతకు ఒక దొర్ల తల్లి తన ఆరేళ్ళ కూతుర్ని తెచ్చి, తలకు కట్టిన గుడ్డ విప్పింది. నడినెత్తిన అరచేతంత మేర తోలు ఊడి ఉంది.

"ఏందమ్మా ఇది, నిన్ను నమ్మే పూసిన గదా," అంది.

నేను సంతకు ఎదురుగా ఉన్న పెదనాన్న దుకాణంలో ఉప్పు బస్తాల వెనక ఉన్నాను. పెద్దమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. "నా చెయ్యి తప్పింది బిడ్డా. తప్పు నాదే," అంది. మిగిలిన నూనెంతా తీసుకుపోయి గొయ్యి తవ్వి పారబోసింది. నేను మధ్యాహ్నం బస్సుకే డ్యూటీ ఉందని చెప్పి కిరండూల్ వచ్చేశాను. డ్యూటీ ఏమీ లేదు.

ఆ తర్వాత ఆమె నూనె కాచలేదు. కానీ ప్రతి సంతకూ వెళ్ళి అదే చోట ఖాళీ చేతులతో కూర్చుందని అమ్మ చెప్పింది. ఎందుకే అంటే, "ఇంకెవరికన్నా కాలితే ఎతుక్కుంట వస్తరు, నేను లేకుంటే ఎవర్ని అడుగుతరు," అందట. వచ్చినవాళ్ళు తిట్టారట. తిట్లన్నీ పడిందట.

నిన్న పొట్లం పట్టుకుని బజారుకు వెళ్ళాను. "ఇస్ పే నంబర్ హై సాబ్, కంప్లైంట్ కర్ దీజియే," అని పొట్లం మీది ఫిర్యాదు నంబరు చూపించి దుకాణంవాడు ఇంకో గిరాకీ వైపు తిరిగాడు. ఆ నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఆ రోజుల్లో మందు పాడైతే ఇచ్చిన మనిషి మరుసటి వారం ఎదురుగా కూర్చుని ఉండేది, ఇప్పుడు తిట్టడానికైనా మనిషి దొరకడు. ఇలా అనుకుంటూ బజారులోనే కాసేపు నిలబడి అందరినీ అసహ్యించుకున్నాను. పెద్దమ్మ ఆ వానాకాలమంతా సంతలో కూర్చుంది. నేను ఒక్క వారమైనా వెళ్ళి ఆమె పక్కన కూర్చోలేదు.