పసుపు తలవైపు

గణపవరం నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా దొడ్డమ్మ, అంటే అమ్మకి అక్క, నిద్రలోనే వెళ్లిపోయింది. ఏడుపుకంటే ముందు నాకు దిగులు పుట్టింది: నా బిడ్డ ఇక మావాళ్ల గడప తొక్కుతుందా?

తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న నా బిడ్డని అమ్మాయిగానే పెంచాం. పోయినేడు తను జెండర్‌ఫ్లక్స్ అని నాకు చెప్పింది. "అమ్మాయినన్న భావం కొన్నాళ్లు నిండుగా ఉంటుందమ్మా. కొన్నాళ్లు పల్చబడుతుంది. ఒక్కోసారి ఏమీ ఉండదు." చుట్టాల ఇళ్లకి రావడం మానేసింది. దొడ్డమ్మ దగ్గరికి మాత్రం బతిమాలి తీసుకెళ్లాను, ఆవిడైతే నచ్చజెబుతుందని. ఎవరికి నచ్చజెప్పాలని కోరుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

దొడ్డమ్మ కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి. మధ్యాహ్నాలు పాత చీరలతో బొంతలు కుట్టేది, మధ్యమధ్య సూది ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంటూ. అంతా విని, "వానల్లో కొల్లేరు మా అరుగుదాకా వచ్చేది. ఎండల్లో నడిచే దాటేవాళ్లం. రెండూ కొల్లేరేగా!" అంది. "మీలాంటివాళ్లకో జెండా కూడా ఉందన్నావు, ఏదీ?"

బిడ్డ ఫోన్‌లో చూపించింది. ముదురు గులాబి, లేత గులాబి, బూడిద, లేత నీలం, ముదురు నీలం, అట్టడుగున పసుపు. గులాబీలు ఆడతనానికి, నీలాలు మగతనానికి, బూడిద ఏదీ లేకపోవడానికి, పసుపు ఆడా మగా రెంటిలోనూ ఇమడనివాళ్లకి అని వివరించింది.

"పసుపు కాళ్ల దగ్గరా? ఎవరే గీసింది, బుద్ధుండక్కర్లా?"

"జెండాకి కాళ్లుండవు అమ్మమ్మా!"

"బొంతకుంటాయి కదుటే."

బీరువా తెరిచింది. లేత నీలం మా అమ్మ చీర. బూడిద రంగు పెదనాన్న ప్యాంటు. నెల తిరిగేసరికి ఆరు పట్టీల బొంత తయారైంది, పసుపు మాత్రం తలవైపు. బిడ్డ పడీపడీ నవ్వి, "ఇలాగే ఉండనీ" అని హాస్టల్‌కి పట్టుకుపోయింది. అప్పట్నుంచీ దొడ్డమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, మీ ఊళ్లో వాన పడిందా అన్నంత మామూలుగా, "ఇవాళ నిండుగానా, పల్చగానా?" అని అడిగేది. ఆ మాట నాకెన్నడూ నోటికి రాలేదు.

దొడ్డమ్మ పోయిన ఆ రోజు బిడ్డ నాకంటే ముందే గణపవరం చేరింది, చంకలో బొంతతో. కత్తిరించిన జుట్టూ చొక్కా చూసి మా పిన్ని, "ఏవిటే ఈ అవతారం? ఈ పూటైనా కాస్త..." అని మొదలెట్టింది. నేను మధ్యలోకి వెళ్లి, బిడ్డ చెయ్యి పట్టుకుని అడిగాను: "ఇవాళ నిండుగానా, పల్చగానా?"

బిడ్డ నన్ను తేరిపార చూసింది. "తెలీడం లేదమ్మా. అమ్మమ్మ లేదు, అంతే."

దహనం అయ్యి, స్నానాలయ్యాక, బిడ్డ ఏడ్చి ఏడ్చి దొడ్డమ్మ మంచం మీదే నిద్రపోయింది. పిన్ని మంచం పక్కన చాలాసేపు నిలబడింది. తర్వాత బొంత తీసి కప్పింది. కప్పాక, పసుపు కాళ్లవైపు ఉండడం చూసి, అచ్చం దొడ్డమ్మలాగే "అయ్యో" అని నాలిక్కరుచుకుంది. బిడ్డకి మెలకువ రాకుండా, మెల్లిగా బొంతని తిప్పి కప్పింది.