మా మామగారి కారు పెట్రోలు ఎందుకు తాగిందంటే

పొద్దున మావారు కొత్త కారులో కూర్చుని, స్టీరింగు వెనక వెలిగే తెర వంక చూసి, "మైలేజీ పడిపోయింది. నిన్న నువ్వే నడిపినవ్ గద" అన్నారు. ఒకప్పుడైతే ఆ మాటకు నా చేతిలో ఏ గిన్నె ఉంటే అది గట్టిగా చప్పుడు చేసేది. ఈసారి నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి ఆయనకు పాత సంగతి గుర్తొచ్చినట్టుంది, వెంటనే టిఫిన్ ఏంటని అడిగి మాట మార్చేశారు. మా ఇంట్లో నా ముందు మైలేజీ ఊసెత్తకూడదన్న నియమం ఒకటుంది. దాన్ని నేను గెలుచుకున్నాను. ఎలా గెలిచానో వచ్చిన చుట్టాలందరికీ చెప్పాను కాబట్టి మీకూ చెప్పక తప్పదు.

మా ఇల్లు కార్వాన్‌లో. బట్టల దుకాణం మూసీ అవతల, పాతబస్తీలో. మామగారు ఆ దుకాణానికి తన పాత కారులో తప్ప వెళ్ళేవారు కాదు. మీగడ రంగు కారు. పొద్దున్నే తానే బకెట్టు నీళ్ళతో కడిగి, దుకాణంలో మిగిలిన మల్లు గుడ్డ ముక్కతో తుడిచేవారు. ఆ సందుల్లో స్కూటరే నయమని మావారు, మరిది ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. అలాంటి మనిషికి షుగరు కళ్ళ మీదికొచ్చింది. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పిన రోజున ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, తాళంచెవి అరచేతిలో తిప్పుతూ చాలాసేపు ఉండిపోయారు. తర్వాత ఇద్దరు కొడుకుల్లో ఒకరిని పిలుస్తారనుకుంటే నన్ను పిలిచారు. "నువ్వు నేర్చుకో బిడ్డా. ఈళ్లకు బండంటే పావురం లేదు, ప్రేమ లేదు" అన్నారు. నాకప్పటికి నలభై దాటాయి. అంతవరకు నేను కాలు పెట్టి తొక్కిన యంత్రం కుట్టుమిషను ఒక్కటే.

తెల్లవారుజామున ఖాళీ మైదానంలో నేర్పించారు. నేను ముందుకు పొమ్మంటే కారు గెంతేది, ఆగమంటే చచ్చి ఊరుకునేది. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. మొదటి రోజునే పనులు పంచేశారు. స్టీరింగు, గేరు, కింది మూడు పెడల్సు నావి. రెండు సీట్ల మధ్యనున్న హ్యాండ్ బ్రేకు మాత్రం ఆయనది. నేను బండి ఆపగానే దాన్ని ఆయన పైకి లాగాలి, బయలుదేరేటప్పుడు ఆయనే కిందికి దించాలి. నాకు లైసెన్సు వచ్చి, రోజూ దుకాణానికి తీసుకెళ్ళే రోజుల్లోనూ ఆ వాటా మారలేదు. పెద్దాయనకు ఆ మాత్రం అధికారం ఉండాలి కదా అని నేనూ అడగలేదు.

ఆ ప్రయాణాలంటే నాకు ప్రాణం. వంతెన దాటగానే కొత్త బట్టల గంజి వాసన, అత్తరు కొట్టు వాసన, ఎక్కడో లక్కగాజులు కాలుస్తున్న వాసన ఒకదాని వెంట ఒకటి అద్దంలోంచి లోపలికి వచ్చేవి. ఆయన ప్రతి కొట్టుకూ ఒక కథ చెప్పేవారు. ఎవరి తాత ఎవరి తాతకు అరువిచ్చి మోసపోయాడో, ఏ గాజుల దుకాణం సేటు ఎవరి పెళ్ళిలో అలిగి భోంచేయకుండా లేచాడో అన్నీ చెప్పేవారు. దుకాణంలో నేనూ చీరల దగ్గర కూర్చునేదాన్ని. పెళ్ళయి వచ్చాక ఆ ఇంటి వంటగది కిటికీలోంచి ఎంత లోకం కనిపిస్తుందో అంతే చూసిన నాకు, ఆ స్టీరింగు ముందు కూర్చుంటే ఊరంతా నాదే అనిపించేది. ఆటోవాళ్ళతో గొడవపడడం కూడా నేర్చుకున్నాను, ఉర్దూలో.

ఒక దసరాకి కారుకు రెండు సేవలు జరిగాయి. హ్యాండ్ బ్రేకు మరీ వదులైపోయి, లాగినా ఊరికే పైకొస్తోందని మా సందు చివరి మెకానిక్ భాయ్ దానికి కొత్త కేబులు బిగించాడు. ఆయుధపూజ రోజు మా మరిది ఒక చిన్న లక్ష్మీదేవి స్టిక్కరు తెచ్చి, మీటర్ల అద్దం మీద ఒక మూలన అంటించాడు. మామూలు స్టిక్కరు కాదది. తాళం తిప్పగానే అమ్మవారు వెనకనుంచి ఎర్రగా వెలిగేది. మామగారి కళ్ళకు ఆ ఎరుపు ఒక్కటి బాగా కనిపించేదేమో, "అమ్మ వెలుగుతున్నది, ఇగ పోనియ్" అని దండం పెట్టుకునేవారు. మరిదికి ఇంట్లో ఎన్నడూ రానంత మంచి పేరు ఆ స్టిక్కరుతో వచ్చింది.

ఆ దసరా తర్వాతే కారు పెట్రోలు తాగడం మొదలెట్టింది. వారమంతా వచ్చేది కాస్తా వారం మధ్యలోనే అయిపోతోంది. బండి కూడా బరువుగా, మనసు లేనట్టు కదులుతోంది. భాయ్ టైర్లలో గాలి చూశాడు, ఎయిర్ ఫిల్టరు మార్చాడు, ప్లగ్గులు విప్పి గీకాడు, కార్బురేటరు కడిగాడు. ఎక్కడన్నా కారుతోందేమోనని నేను రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచాను. పొద్దున చూస్తే ఒక్క చుక్క లేదు. పెట్రోలు బంకు మార్చి చూశాం. ఏమీ మారలేదు. చివరికి భాయ్ ఒక్కడే కారు తీసుకుని చాలాదూరం తిప్పుకొచ్చి, "భాభీ, గాడీ ఏక్‌దమ్ మస్తుగున్నది. నాకేం ఖరాబీ కనిపిస్తలే" అన్నాడు.

పాపం, అతను మంచి మాటే చెప్పాననుకున్నాడు. మా ఇంట్లో అది నా మీద తీర్పయింది. బండిలో లోపం లేదంటే నడిపే మనిషిలో ఉన్నట్టే కదా. మావారు, "క్లచ్ మీద కాలు తియ్యకుంట నడుపుతవ్, గట్లయితే తాగదా మరి?" అన్నారు. నా పక్కన ఒక్కసారీ కూర్చోని మనిషి! నేను ఏ గేరులో ఎప్పుడు ఉంటానో ఆయనకు దుకాణంలో కూర్చుంటేనే తెలిసిపోయింది. రోజూ పక్కనుండే మామగారు మాత్రం, "బిడ్డ మంచిగనే నడుపుతది" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. కారు అమ్మెయ్యడానికి మరిది మలక్‌పేటలో ఒక బేరగాణ్ణి కుదిర్చాడు. శుక్రవారం దుకాణానికి వచ్చి కారు చూసుకుంటాడట. కారు పోతే మామగారు ఆటోలో వెళ్ళొచ్చునని అందరూ అన్నారు గాని, ఆయన వెళ్ళరని అందరికీ తెలుసు. ఆయన ఇంట్లో ఉండిపోతారు, నేను వంటగది కిటికీ దగ్గరికి వెళ్ళిపోతాను. ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువగా ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే మామగారికి జ్వరమొచ్చి ఒకరోజు పడుకున్నారు. దుకాణానికి చీరల మూటలు చేర్చాల్సి ఉండి నేనొక్కదాన్నే బయలుదేరాను. తాళం తిప్పగానే అమ్మవారు వెలిగింది. హ్యాండ్ బ్రేకు నేనే దించాను. అమ్మవారు ఆరిపోయింది. అసలే కారు అమ్మేస్తున్నారు, పైగా లక్ష్మీదేవి కూడా వెళ్ళిపోయిందనుకున్నాను. కానీ కారు చూస్తే, వెనక అన్ని మూటలున్నా, వంతెన ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు మీద కాలు పెడితే చాలు ఉరికింది. ఆ చురుకు దాంట్లో ఉందన్న సంగతే మరిచిపోయాను. దుకాణం చేరేదాకా నా బుర్రలో ఒకటే ప్రశ్న. అమ్మవారు ఆరితే కారు పరుగెత్తడమేమిటి?

మర్నాడు మామగారు నా పక్కన కూర్చున్నారు. ఆయన హ్యాండ్ బ్రేకు దించారు, అమ్మవారు ఆరింది. ఆ సంగతి నేను ఇన్నాళ్ళూ గమనించనే లేదు, రోడ్డు చూసుకోవడంతోనే సరిపోయేది. సందు మలుపులో ఒక ఆటో ఎదురొచ్చింది. అమ్మవారు వెలిగింది. కారు బరువెక్కింది. ఓరకంట చూశాను. ఆయన ఎడమ చెయ్యి తొడ మీద ఉంది. కుడి చెయ్యి హ్యాండ్ బ్రేకు పట్టుకుని, ఊతకర్రను పట్టుకున్నట్టు బిగిసిపోయి, దాన్ని కొంచెం పైకి ఎత్తి ఉంది. కొత్త కేబులు కదా, ఆ కొంచానికే పట్టేస్తోంది. స్టిక్కరు వెనక వెలుగుతున్నది లక్ష్మీదేవి మహిమ కాదు, బ్రేకు వేసి ఉందని కారు మొత్తుకునే ఎర్ర దీపం. ఇన్నాళ్ళూ మేమిద్దరం దానికి దండం పెట్టి మరీ బ్రేకులు ఒరుసుకుంటూ తిరిగాం.

దుకాణం దగ్గర ఆపి, దిగి, పిల్లల జ్వరం చూసినట్టు నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. ముందువి గోరువెచ్చన. వెనకవి రెండూ చుర్రుమన్నాయి. ఆ మంటకి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. నడిరోడ్డు మీద కేక పెట్టబోయాను. అప్పుడు అద్దంలోంచి మామగారు కనిపించారు. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

లోపలికి వచ్చి కూర్చుని, మెల్లగా, "మామయ్యా, తప్పు నాది కాదు, కారుది గూడ కాదు" అన్నాను. తాళం తిప్పి, ఆయన చెయ్యి మీద నా చెయ్యి వేసి బ్రేకు దించాను, అమ్మవారు ఆరింది. ఎత్తాను, వెలిగింది. మళ్ళీ దించాను. ఆయనకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని చూసుకుంటూ, "నువ్వు మంచిగ నడపవని కాదు బిడ్డా. కండ్లు సక్కగ కనవడక, ముందట ఏది వచ్చినా మీద పడ్డట్టే అయితున్నది. నాకు భయమైతున్నదని ఎవలకు చెప్పుకోను?" అన్నారు. అన్నేళ్ళలో ఆయన నోట భయమన్న మాట వినడం నాకదే మొదలు. నేను కొంగుతో మీటర్ల అద్దం తుడిచాను.

ఆ రోజు శుక్రవారం. బేరగాడు అప్పటికే దుకాణంలో గద్దె మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పక్కనే కొడుకులిద్దరూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు గిరాకీలూ ఉన్నారు. ఆయన సంగతి నలుగురిలో బయటపెట్టడం ఇష్టంలేక నేను చీరల వైపు నడిచాను. మామగారు నన్ను ఆపి, అందరికీ వినబడేలా, "కారు అమ్ముతలేం. చాయ్ తాగి పోండ్రి. పెట్రోలు తాగింది నా కోడలు కాదు, నేను. బ్రేకు గుంజి పట్టుకొని కూసున్న. బ్రేకు గుంజితె గూడ బండిని దుకాణం దాక తెచ్చిందంటే ఎంత మంచిగ నడుపుతదో సూడుండ్రి!" అన్నారు. ఆ చివరి మాటకి గిరాకీలు కూడా నవ్వారు. మావారు నవ్వలేదు. ఒక చీర తీసి మడత విప్పి మళ్ళీ అదే మడత పెట్టసాగారు. ఆ ముఖం చూడడానికి నేను కావాలని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఇవాళ్టికీ పశ్చాత్తాపం లేదు. కబురు విన్న మెకానిక్ భాయ్ వచ్చి, "సేట్, ఇంజన్ మొత్తం ఇప్పి చూసిన, గని మీ చెయ్యి ఇప్పి చూడాల్నని నాకేం ఎరుక!" అంటే మామగారే అందరికంటే గట్టిగా నవ్వారు.

మర్నాడు నేను ఇంజను స్టార్టు చేసి ఆయన కోసం ఎడమవైపు తలుపు తెరిచాను. ఆయన చెప్పులు వేసుకుని వచ్చి, దాన్ని దాటి వెళ్ళి, వెనక తలుపు తీసుకుని లోపల కూర్చున్నారు. ఆ కారు కొన్ననాటి నుంచి ఆయన వెనక సీట్లో కూర్చున్నది లేదు. తలుపు వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "ఇగ నాకేం ఫికర్ లేదు. పోనియ్ బిడ్డా" అన్నారు. వంతెన దాటేసరికి అద్దంలో చూస్తే ఆయన నిద్రపోతున్నారు. ఆయన వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది, ఆ కారూ ఇప్పుడు లేదు. కానీ ఒక మనిషి భయం పోయి నా వెనక హాయిగా నిద్రపోయిన ఆ కాసేపు ప్రయాణాన్ని మాత్రం కాలం నా నుంచి ఇప్పటికీ తీసుకోలేకపోయింది.